ఒక్క కేకకే

మా పేటలో గొయ్యి తవ్వడమంటే
నీళ్ళతో తగువు పడటమే.
మూడడుగులు దిగేసరికి అడుగున ఊట,
ముందు చెమటలా, తర్వాత చెలమలా.
ఏలీయా బకెట్టుతో తోడుతూనే ఉంటాడు,
పైన మేం కీర్తనలు పాడుతూనే ఉంటాం,
ఎవరు ముందు అలిసిపోతారో తెలీదు.

నాన్న పోయింది ఆగస్టులో,
వశిష్ఠ ఎర్రగా ఏటిగట్టు అంచు నాకుతున్న వారం.
పెట్టె దింపాం.
దిగలేదు.
తాళ్ళు వదలగానే ఓ పక్కకి ఒరిగి
నావలా తేలింది.
పిన్ని కెవ్వుమంది. అయ్యగారు వాక్యం మధ్యలో ఆగిపోయారు.
అప్పుడు మా అమ్మ సలోమి
కొంగు నడుముకి బిగించి
పెట్టెకేసి వేలు చూపించి గదమాయించింది:
"లేద్దువుగానిలే, అంత తొందరేం వచ్చింది?
ఇంకా మట్టైనా వెయ్యలేదు!"
ఏడుస్తున్నవాళ్ళు నవ్వారు,
నవ్వినందుకు మళ్ళీ ఏడ్చారు.
నలుగురం బురదలోకి దిగి
పెట్టెని తొక్కిపట్టాం.
మోకాళ్ళ లోతు నీళ్ళలో
కన్నతండ్రిని పైకి రాకుండా ఆపినవాణ్ణి నేను.
ఆ సంగతి నా అరికాళ్ళు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఏప్రిల్ వచ్చింది.
దాళ్వా కోతలయిపోయి చేలల్లో మోళ్ళు.
కాలువ కట్టేసి వారం.
పాచి ఎండి అట్టలు కట్టింది, రేవు మెట్లు పళ్ళికిలించాయి,
ఒంటి చెప్పు, మట్టగిడసల కోసం బురద కెలికే పిల్లలు.
శనివారం రాత్రి అమ్మ సున్నం నానబెట్టింది,
చిటికెడు నీలిమందు కలిపింది,
కొబ్బరి పీచు నలగ్గొట్టి రెండు కుంచెలు కట్టింది.
రెండెందుకని నేనడగలేదు.

తెల్లారగట్ల నాలుగింటికి
చచ్చిన కాలువ పక్కనించి
చావుని గెలిచినవాడి పాట పాడుకుంటూ
కొవ్వొత్తులు పట్టుకుని పేటంతా నడిచింది.
మైనం నా వేలి మీద పడి గడ్డకట్టింది.

అమ్మంత నమ్మకం నాకు లేదు. చెప్పేస్తున్నాను.
ఆ పెట్టె చేసింది నేనే.
మామిడి చెక్క. ఆ ఊటలో
అది ఎన్నాళ్ళు ఆగుతుందో వడ్రంగికి తెలుసు.
అందుకే, అమ్మ సున్నం వేస్తుంటే, నోరు జారాను:
"ఈపాటికి అక్కడ ఏం మిగిలుంటుందమ్మా?"

కుంచె ఆగలేదు.
"మీ నాన్న నిద్ర సంగతి నీకేం తెలుసురా.
ముప్ఫై ఒక్క ఏళ్ళు లాకుల దగ్గర లస్కరు.
జూన్లో పైనించి కబురొచ్చేది, నీళ్ళొదిలారని.
ఏ అర్ధరాత్రో ఎవడో సైకిలు దిగి
వీధిలోంచే 'జెకర్యా' అనేవాడు.
రెండోసారి అననిచ్చేవాడు కాదు మీ నాన్న.
నేను కళ్ళు నులుముకునేలోపు
ఆయన చక్రం తిప్పుతుండేవాడు.
పేరు పెట్టి పిలిస్తే చాలు ఆ మనిషికి.
ఏం మిగిలిందన్నది నాకెందుకు?
పిలిచేవాడున్నాడా లేడా, అది చెప్పు."

నేను చెప్పలేదు.
కొబ్బరి మట్టల సందుల్లోంచి వెలుతురు
పక్క సమాధి మీది పేరు దాకా వచ్చింది,
మా దాకా ఇంకా రాలేదు.

ఏలీయా బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు.
బీడీ వెలిగించబోయి, పండగని గుర్తొచ్చి, చెవిలో పెట్టుకున్నాడు.
"ఈ ఏడు లాకులెప్పుడు ఎత్తుతారో?"
ఎవరో అన్నారు, "జూన్ ఒకటో తారీకంట."
అంట.
ఎవరూ చూడలేదు, కాయితం చూపించమని అడగలేదు.
ఆ ఒక్క "అంట" మీదే
ఏటేటా ఈ ఊరు
చుక్క నీరు లేని కాలువ పక్కన
విత్తనాలు నానబెట్టుకుంటుంది.

రెండో కుంచె తీసుకున్నాను.
తలవైపు అమ్మ.
కాళ్ళవైపు నేను.
మందంగా వెయ్యలేదు.
ఒక్క పూతే, పలచగా,
పైన బరువన్నది లేకుండా.