సరి, బేసి

జనవరిలో పెళ్ళేమిటని నేనడగలేదు.
గుంతిస్ ఓడలో వంటవాడు, సెలవు ఇప్పుడే దొరికింది.
మదారా ఒక్కటే కోరింది:
తెల్లవే కావాలి,
చేతిలోకి తీసుకుంటే బరువు తెలియాలి.

హాలండ్ లారీ వేకువన నాలుగింటికి వస్తుంది
రేజెక్నె స్టేషను వెనక్కి.
సున్నాకి ఇరవై నాలుగు మెట్లు కింద ఉంది చలి.
అట్టపెట్టెల మీద నా పాత దుప్పటి కప్పి
పరిగెత్తుకొచ్చాం నేనూ, రైవిసూ.
వాడికి పంతొమ్మిది, నాకు అరవై ఏడు.
మంచు మీద ఇద్దరిదీ ఒకటే పరుగు.

తేగానే వెచ్చటి గదిలో పెట్టకూడదు.
ముందు నడవలో ఓ గంట, చీకట్లో, ఎవరూ పలకరించకుండా.
చలిలోంచి వచ్చినవాళ్ళని పొయ్యి దగ్గరికి తోయొద్దని
మా అమ్మ అనేది, మనుషుల గురించి.
ఆ తర్వాతే కాడలు ఏటవాలుగా కోసి
మూడు వేళ్ళ లోతు నీళ్ళు.

మధ్యలో బీరుత ఫోను.
ఆకులు రాలిపోతున్నాయమ్మా.
నీళ్ళు పోస్తున్నావా?
రోజూ పోస్తున్నా.
అందుకే.
చలికాలంలో మొక్కకి ప్రేమకొద్దీ పోయకు,
మట్టిలో వేలు గుచ్చి, వేలు చెప్పినట్టు విను.

నా కిటికీలోనూ ఒకటుంది.
వోల్దెమార్స్ టీ కప్పులోంచి తీసి నాటిన నిమ్మగింజ.
పదకొండేళ్ళు. పూయదు. చావదు.
రాత్రిళ్ళు అద్దానికి ఆకు తగిలితే
తగిలినంత మేరా తెల్లారేసరికి నలుపు.
నాలుగేళ్ళ కిందటి దాకా
మధ్యన కాగితం పెట్టడం ఆయన పని.

రైవిస్ లెక్కపెడుతున్నాడు.
ఇరవై ఒకటి.
మా దగ్గర పెళ్ళికి బేసి, సమాధికి సరి.
ఇద్దరు ఒకటవుతుంటే సరి ఉండాలి గదా, అన్నాడు వాడు,
లెక్కల్లో తెలివైనవాడు.
ఏమో నాయనా.
పోయినవాళ్ళకే సరిపోతుంది.
ఉన్నవాళ్ళకి ఎప్పుడూ ఒకటి తక్కువే.

కొట్టు గుమ్మం నుంచి కారు దాకా పదిహేను అడుగులు.
మూడు పొరల వార్తాపత్రిక చుట్టాం.
ఎక్కడో ఒక మూల విప్పుకుంది.
గాలికి ఆ మూలే కావాలి.
కార్లో కూర్చుని చూస్తే
ఒక పువ్వు గాజయి, తర్వాత
తడిసిన ఉల్లిపొర అయింది.

ఇరవై.

రైవిస్ పెదవి వణికింది. వెనక్కి వెళ్దామా?
బకెట్లలో ఏమీ లేదు, మిగిలినవన్నీ
నిన్నటినుంచే చర్చి స్తంభాల మీదున్నాయి.
నేను రిబ్బను విప్పాను.
చెడినదాన్ని తీశాను,
దాని పక్కన ఏ మచ్చా లేనిదాన్ని కూడా.
అది ఏం చేసిందని, అన్నాడు వాడు.
ఏమీ చేయలేదు.
ముడి మళ్ళీ బిగించాను.

మదారా రెండు చేతులా అందుకుని
బరువుగానే ఉంది, అని నవ్వింది.
ఆమె లెక్కపెట్టలేదు.
ముందు వరసలో వాళ్ళ ముసలమ్మ పెదవులు మాత్రం
కదిలాయి చాలాసేపు,
ఆగాయి,
నావైపు చూసి తల ఊపింది.

తిరిగొచ్చేటప్పుడు నా ఒళ్ళో రెండు పూలు.
పారేయనా, అని చేయి చాచాడు.
రెండున్నాయి గదరా, అన్నాను.
కుర్రవాడు ఇంకేం అడగకుండా
పైన్ చెట్ల దగ్గర కారు తిప్పాడు.

మోకాలిలోతు మంచు.
రాతి మీద పేరు కనిపించేదాకా చేత్తో తుడిచి
పక్కపక్కన పెట్టాను, మాడినదీ, మంచిదీ.
పావుగంటలో రెండూ ఒకేలా బిగుసుకుంటాయి.
గడ్డకట్టినవి మార్చి దాకా వాడవు,
నా కొట్లో ఏ పువ్వూ ఇవ్వలేని హామీ.
ఆయన ఉంటే ధర అడిగేవాడు.

ఇంటికొచ్చేసరికి మూడున్నరకే చీకటి.
బొకేకి చుట్టిన కాగితం కోటు జేబులో ఉండిపోయింది,
ఇంకా కాస్త తడిగా, తీపి వాసనతో.
హీటరు మీద ఆరబెట్టి, మడతలు చదును చేసి
అద్దానికీ నిమ్మకీ మధ్య నిలబెట్టాను.
మట్టిలో వేలు గుచ్చి చూశాను.
ఇంకో మూడు రోజులు ఆగొచ్చు.