ఒకే ఎంట్రీ

చేరిన రోజు విజిలు ఊదినాను.
సగం మంది తిరిగి చూడలేదు.
జెండా ఊపినాను.
మిగతా సగం అట్లే నిలబడి ఉన్నారు
ఇంకా ఏమీ మొదలు కాలేదనుకుని.

పదేళ్ళు ఖోఖో ఆడిన కాళ్ళు నావి.
ఎర్రగుంట్ల బడిలో,
నాపరాళ్ళు కోసే మిషన్ల రొదలో,
సిమెంటు దుమ్ముకు తెల్లబడిన వేపచెట్ల కింద
ఆ పొద్దు తెలిసింది
నాకు ఏ ఆటా రాదని.

తర్వాత ఒక్కటొక్కటే వచ్చింది.
బంతి కోసి లోపల సైకిలు గుండ్లు పోసి కుట్టడం
నాలుగు పోస్తే వినపడదు, పది పోస్తే బంతి ఎగరదు, ఏడు.
పీరమ్మతో ఎదురుగా నిలబడి మాట్లాడడం
(ఆమె పెదాలు చదువుతుంది,
అందుకే గుబురు మీసాల హెడ్‌మాస్టరు
ఏం చెప్పినా ఆమెకు వర్తించదు).
ఓబులేసు క్యాలిపర్ మరలకు శనివారం కొబ్బరినూనె.
అందరినీ ఒకే గొంతుతో తిట్టడం.
"పాపం" అన్న వంటమనిషితో
మూడు రోజులు మాట్లాడకపోవడం.

దస్తగిరికి పుట్టుకతోనే చూపు లేదు.
పరుగు ఉంది.
బూటు లేసు, ఒక కొస వాని మణికట్టుకు,
ఒక కొస నా వేలికి.
మొదటి వారమంతా నేనే లాగినాను.
"ఎద్దును తోలకపోయినట్ల తోలకపోతాండారు మేడం.
పక్కన రాండి సాలు. ఉరికేది నేను."
అప్పటినుంచి లేసు వదులుగానే ఉంటుంది.
మలుపు దగ్గర ఒక్క క్షణం బిగుస్తుంది,
మళ్ళీ వదులు.

జిల్లా పోటీలు కడపలో.
తెల్లవారి నాలుగింటి బస్సు, ఉగ్గాని పొట్లాలు.
కొత్త బనియను వీపు మీద ముప్పై ఒకటి
నేనే రంగుతో రాసినాను.
వాడు వేలితో తడిమి
"మూడు వంకర పోయింది మేడం" అన్నాడు.

షామియానా కింద టేబుల్ వెనక సారు
జాబితా మీద పెన్ను ఆనించి ఆగినాడు.
"చూపు లేనోళ్ళకు వంద మీటర్లు. ఒకే ఎంట్రీ.
ఎండలో ఎందుకమ్మా ఉరికించేది?
ఫస్టు అని రాసేస్తా. కప్పు తీసుకపోండి."
వాదించినాను. ఎక్కువసేపు కాదు.
భోజనాల వేళ. సాయంత్రం సభకు
అప్పటికే ట్రాకు మీద కుర్చీలు దించుతున్నారు.
ఫొటో తీసినారు.
అందులో దస్తగిరి మొఖం కెమెరా వైపు లేదు,
కుర్చీలు పడుతున్న చప్పుడు వైపు ఉంది.

బస్సు కమలాపురం దాటేదాకా ఒక్క మాట లేదు.
తర్వాత కప్పు తెచ్చి నా ఒళ్ళో పెట్టినాడు.
"ఉరక్కుండా ఎట్ల గెలిచినా మేడం?"
ఓడినోణ్ణి ఓదార్చేది ఎట్లో
ట్రైనింగులో చెప్పినారు మాకు.
ఇది చెప్పలేదు.

మర్నాడు అయిదున్నరకు
హాస్టలు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు,
మణికట్టుకు లేసు కట్టుకుని, కొస వేలాడేసి.
పీరమ్మ సున్నం గీతలు పోసింది.
ముంచేదానికి ఏమీ దొరకక
కప్పుతోనే ముంచింది.
అవతలి కొసన ఓబులేసు, అన్నం పళ్ళెం, గంటె.
మిషన్లు ఇంకా మొదలు కాలేదు.
మా ఊర్లో చెవులకంటూ మైదానం ఉండేది
ఆ ఒక్క గంటే.

ఉరికినాం.
నడిమధ్యలో ఎక్కడో
నా వేలి నుంచి లేసు జారిపోయింది.
నేను చెప్పలేదు.
వాడు ఆగలేదు.
పళ్ళెం మోగుతున్న దిక్కుకు నిటారుగా,
వెనకాల లేసు కొస ఎగురుతా,
నాకంటే అడుగు ముందు,
రెండడుగులు,
వంకర మూడు దూరమైపోతా.

గీత దాటి, పాదానికి అంటిన సున్నాన్ని
వేలితో తీసి వాసన చూసుకుని
"ఎంత మేడం?" అన్నాడు.

మెడలో వాచీ సున్నా దగ్గరే ఉంది.
"నొక్కేది మర్సిపోతి నాయనా."

"మీ పని మీకు రాదు" అనుకుంటా
రొప్పుతానే మొదటి గీత వైపు నడుస్తున్నాడు,
లేసు కొస నా వైపు చాపి.