రంగు తేడా

కొత్తవాడల మా షెడ్డుకు రెండు గదులు.
ముందు గదిల ఏసీ, గోడకు తెల్లగుడ్డ, రెండు లైట్లు, నేను.
వెనక గదిల రేకుల కింద మగ్గం,
వడ్నాల కట్టమ్మ, ఆమె తోడికోడలు రాజవ్వ.
ఇద్దరు పక్కపక్కన కూసుంటెనే
ఒక జంపఖానా ముందుకు నడుస్తది.
నడుమ తలుపు లేదు. పరద.

విదేశం ఫోనొస్తె పంజ చప్పుడు ఆపుమంట.
ఆపుతరు.
ఆపినంతసేపు వాళ్ల కూలి ఆగుతది,
నా జీతం ఆగది.

నా పని ఫొటోలు, ధరలు, నాలుగు మంచి మాటలు.
'ఆరు తరాల చేతినేత' అని రాసిన.
ఎన్ని తరాలో ఎన్నడూ అడగలే.

ఒకనాడు నీళ్లకొచ్చి కట్టమ్మ
తెర మీద అంకె చూసింది: తొంభై రెండు.
"గంతేనా బిడ్డా?
మాకు మూడొందల ఇరవై ఇచ్చి
తొంభై రెండుకు అమ్ముతుండా?
పాపం, సేటు మునుగుతడు గదనే!"
పక్కన చిన్నగ ఉన్న యూరో గుర్తు
ఆమెకు తెల్వది.
నాకు తెలుసు.
చెంబు అందిచ్చిన, అంతే.

ఎండకాలం మొదట్ల రాటర్‌డామ్ నుంచి
ఒక్క చుక్కతోని ఫిర్యాదు:
ఫొటోల దానిమ్మ ఎరుపు,
పార్శిల్ల ఇటుక ఎరుపు.
పైసలు వాపసు పోయినయి.
జంపఖానా రాలే, కిరాయి బరువని.
అక్కడనే ఎవరి కాళ్ల కిందనో
ఇటుక రంగుల్నే పరిచి ఉండొచ్చు.

సేటు పద్దుల కట్టమ్మ పేరు పక్కన రాసిండు:
రంగు తేడా. కోత.

ఆమె మిగిలిన నూలుకండె ఎండల పట్టి
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"మా ఇంట్లనే అద్దినం బిడ్డా.
ఆ దినం రాజవ్వకు జరం.
రంగు తక్కువ పడ్డదేమో..."

ఎరుపును పెంచింది నేను.
వేలు పెట్టి గీత మీద జర పక్కకు జరిపిన,
ఒక్క క్షణం పని.
నోటిదాకా వచ్చింది.
ఆ నెల మొదటి తారీఖు కూడ వచ్చింది,
ఇరవై రెండు వేలు, పైస తక్కువ లేకుండ.

ఆ రాత్రి ఫొటోలన్నిట్ల ఎరుపు దించిన,
ఇటుకను ఇటుకలెక్కనే పెట్టిన.
పదకొండు దినాలు ఒక్క ఆర్డరు రాలే.
మగ్గం మీద పడుగు అట్లనే ఉన్నది,
రాజవ్వ బీడీలు చుట్టవోయింది.

పన్నెండో పొద్దు,
సేటు అడుగకముందే
గీతను మళ్ల జరిపిన.

మాపటికల్ల పరద అవతల పంజ మోగింది.
ఫోనొచ్చింది.
ఆపుమని అనలే.
లేచి, బయటికి పోయి మాట్లాడిన.