ముక్కు బదులు

కొండమల్లేపల్లి చౌరస్తాల
ఫియట్ మళ్లా ఆగింది.
బుచ్చిరాములు డాక్టరు దిగి, డోరు ఎయ్యకుండనే
లెక్క చెప్తుండు:
కనగల్ కాడ ఒకసారి,
గుర్రంపోడు దాటినంక రెండుసార్లు.
"ఉరుకుతుంటే ఏం లేదు.
నిలబెట్టి గేరు తీస్తేనే పాణం ఇడుస్తది.
నల్లగొండల కాయిలు మార్చిన్రు, పాయింట్లు మార్చిన్రు,
పంపు కొత్తది.
పైసలు వాళ్లకు పోయినయి, వాసన నాకు మిగిలింది.
సూది ఏస్తుంటే పేషెంట్లు
నొప్పికి కాదు, నా అంగీకి మొఖం తిప్పుకుంటున్నరు."

గౌసు చాచా బానెట్ ఎత్తిండు.
గిరాకికి ఇనవడకుండ
"ముక్కు తేరా" అన్నడు.

రెండేండ్ల కిందటి జరం
పోతా పోతా ఆయన వాసన ఎత్కపోయింది.
ఇంట్ల చాచీకి, షెడ్డుల నాకు తప్ప
ఎవ్వరికీ ఎరుక లేదు.
వాసన తెల్వని మెకానిక్ కాడికి ఎవడొస్తడు?
అందుకే పానా పట్టుడు రాకున్నా
నన్ను పనిల పెట్టుకున్నడు.
మొదట్ల నేను "పెట్రోల్ వాసన" అంటే
నెత్తిమీద మొట్టేటోడు.
పెట్రోలేరా, ఏ పెట్రోలు?
పచ్చిదా, కాలీ కాలనిదా?
ట్యాంకు మూత కాడిదా, పొగగొట్టం కాడిదా?
నిన్నటి మరకదా,
ఇప్పుడే, నువ్వు వంగినంక కారినదా?

వంగిన.
పైపు కాడ లేదు. పంపు కాడ లేదు.
కార్బరేటర్ మెడ కాడ
కండ్లల్ల నీళ్లొచ్చేటంత పచ్చిది.
"గొంతు దాంక నిండింది చాచా."
ప్లగ్గు ఇప్పితే తడిమసి.

ఆయన ఇంక మాట్లాడలే.
స్క్రూలు నోట్ల పెట్టుకొని మూత లేపిండు.
నిమ్మకాయంత ఇత్తడి ఫ్లోటు.
చెవి కాడ ఊపి
కండ్లు మూసుకున్నడు.
లోపల చుక్క తిరుగుతున్న సప్పుడు
ఆయనకు ఇనవడ్డది.
నాకు ఇనరాలే.

"అందరు దీనికి దూపైతుందనుకున్నరు సారూ,
పంపు మార్చి ఇంకింత తాపిన్రు.
ఇది మునిగి సస్తుంది.
తేలాల్సింది తేల్తలేదు,
తేలకుంటే సూది మూసుకోదు."

చాయ్ గిన్నెల మరిగే నీళ్లు.
ఫ్లోటు ముంచితే అతుకు కాడ
ఆవగింజలంత బుడగలు, వరుసగా.
ఆఖరిది లేచిందాంక ఆగి
"ఇంక ఉందా?" అని నా మొఖానికి పట్టిండు.
లేదన్నంకనే కాక చూపి
రవ్వంత మాటు ఏసిండు.

బండి సాలు జేసి గేరు తీసిన్రు.
ఆగలే.
డాక్టరు రేకు మీద చెయ్యి పెట్టి, గడియారం చూస్కుంట
నాడి పట్టినట్టే నిలబడ్డడు,
ఐదు నిమిషాలు.

"వాసన?" అన్నడు చాచా.
"లేదు."
"నాకు లేనట్టా? బండికి లేనట్టా?"

మళ్లా వంగిన. ఈసారి మోకాళ్ల మీద.
వేడి రబ్బరు. పాత ఆయిలు.
రోడ్డు అవతల లారీల బత్తాయిలు.
"బండికి లేనట్టు."

డాక్టరు పోయినంక
చేతులకు రంపంపొట్టు రుద్దుకుంట అడిగిండు:
"బత్తాయిలా అన్నవు?"
"ఆ. అడుగువి కొన్ని మురిగినయి."
"ఎట్లుంది?"

నోరు తెరిచిన.
పెట్రోలుకు ఇన్ని మాటలు నేర్పిండు గని
బత్తాయికి ఒక్కటన్నా నేర్పలే.