రెండు పాయింటు నాలుగు

గుణుపురం దాటి పద్దెనిమిది కిలోమీటర్లు.
రాత్రి ఒంటిగంట, కరెంటు లేదు.
సుంబారి పిల్లని వీపున కట్టుకుని వచ్చింది,
వెనకాల మొగుడు, చేతిలో ఆరిపోయిన టార్చి.
పరీక్ష పట్టీ మీద రెండో గీత
నేను చూస్తుండగానే ఎర్రబడింది.

పసిపిల్లల తూకం మిషను వానల్లోనే పాడైంది.
తల్లిని పిల్లతో ఎక్కించాను: నలభై ఏడు.
పిల్లని గుడ్డతో సహా ఆయాకిచ్చి
తల్లినొక్కర్తినీ: ముప్పై ఎనిమిది.
మొత్తంలోంచి తల్లిని తీసేస్తే పిల్ల మిగలాలి.
తొమ్మిది మిగిలింది.

మూడు తొమ్ముదులు ఇరవై ఏడు.
ఎక్కాలు నాకు తెలుగులోనే వస్తాయి,
రిజిస్టరు ఒడియా, సీసా మీద ఇంగ్లీషు,
పిల్ల మూలుగు మాత్రం సవర.

"సిస్టరమ్మా, ఈ గుడ్డలో గుంట ఒక్కర్తే లేదు" అంది ఆయా.
విప్పితే చోళ్ల మూట.
"మీకే" అంది సుంబారి నేల చూస్తూ. "సూదికి."

మళ్లీ ఎక్కమన్నాను. ఎక్కలేదు.
ముల్లు వంక చూసింది, నా వంక చూసింది.
ఆ చూపు నాకు తెలుసు.

మా నాన్న పుట్టాసింగి సంతలో చింతపండు కొనేవాడు.
కొండ దిగిన ఆడవాళ్లు గంపలు దించేవాళ్లు,
నాన్న తక్కెడ ఎత్తి
బొటనవేలు కర్ర మీద ఊరికే ఆనించినట్టు ఆనించేవాడు.
గంపకి అరకేజీ.
ఆ అరకేజీలతోనే నేను బరంపురంలో నర్సింగు చదివాను.

అక్కడ కుముదినీ సిస్టరు చెప్పేది:
చుక్క ముందు సున్నా మర్చిపోకు,
చుక్క తర్వాత సున్నా పెట్టకు,
చుక్క మాసిపోతే అయిదు యాభై అవుతుంది,
యాభై లోపలికెళ్లాక వెనక్కి రాదు.

ముల్లు సున్నా మీదుందని ముందే చూపించాను.
చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.
అప్పుడెక్కింది.
నలభై ఆరు.

మూడెనిముదులు ఇరవై నాలుగు.
పొడి మీద ఒక మిల్లీలీటరు,
మబ్బు విడిపోయేదాకా ఊపి, పైన అయిదు సెలైను.
మిల్లీలీటరుకి పది.
ఇరవై నాలుగులో పది ఎన్నిసార్లు?

ఫోను వెలుగులో సిరంజి కంటి ఎత్తున పట్టి
బుడగని గోటితో తట్టి పైకి పంపి
గీతలు లెక్కపెట్టాను,
ఒకసారి తెలుగులో, ఒకసారి ఒడియాలో.
ప్లంజరు మీద నా బొటనవేలు
పొట్టిగా, గోరు పక్కకి తిరిగి,
అచ్చం ఆయనదే.

మెల్లగా నొక్కాను.
పిల్ల ఏడవలేదు. సుంబారి ఏడ్చింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంకోటి అని
గోడ మీద సుద్దతో రాసి కూచున్నాను.

చోళ్ల మూట బల్ల మీదే ఉంది.
తెల్లారగట్ల, ఎవరూ చూడనప్పుడు, దాన్ని తూచాను.
ముల్లు ఒకటి దగ్గర ఆగలేదు.
కొసరు కూడా వేసి కట్టింది.