మాష్

వదినా, నీ మెసేజి మూడుసార్లు విన్నాను.
కోళ్ళ గోల, నీ దగ్గు,
మధ్యలో సచివాలయం పిల్ల గొంతు:
"మార్తమ్మగారి పేరు రాసుకోమంటారా?"
ఇక్కడ జహ్రాలో రాత్రి పన్నెండు.
ఏసీ నీళ్ళు బకెట్లో పడుతున్నాయి.
గట్టిగా మాట్లాడలేను, మామాది పల్చటి నిద్ర.

ఇవాళ ఆవిణ్ణి పెన్షనాఫీసుకి తోసుకెళ్ళాను.
ఏడాదికోసారి బతికే ఉన్నానని చూపించాలంట.
కుర్చీ ఎడమ చక్రం ఎప్పట్లాగే అలిగింది.
కౌంటర్లో కుర్రాడు లేచి నిలబడి, ఖాలా అని పిలిచి,
వేలు పెట్టమన్నాడు.
మిషను ఒప్పుకోలేదు.
ఎనభై రెండేళ్ళ వేలు, గీతలన్నీ అరిగిపోయాయి.
సంచీలోంచి ఆలివ్ నూనె తీసి రాసి, తుడిచి,
మళ్ళీ పెట్టించాను. పచ్చలైటు వెలిగింది.
"చూశావా, ఈ యేటికి చావలేదు" అంది మామా.

పెన్షన్ని వీళ్ళు మాష్ అంటారు.
బతుకు అన్న మాటలోంచే వచ్చిందంట.
అన్నాన్ని ఐష్ అంటారు, అదీ అక్కడిదేనంట.
డ్రైవరు మస్తాను చెప్పాడు, రాయచోటి అబ్బాయి.

కార్లో మామా ఉన్నట్టుండి అడిగింది:
"ముప్పై ఏళ్ళు రేవులో కాపలా కాసింది ఆయన.
తింటున్నది నేను. నేనేం చేశాను?
ఇది నాకు హలాలేనా?"
నాకొచ్చింది వంటింటి అరబ్బీ.
దాంతోనే అన్నాను: యూనిఫారం ఎవరుతికారు మామా?
చాలాసేపు కిటికీలోంచి చూసింది.
"ఇస్త్రీ కూడా నేనే" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నువ్వడిగింది.

కాయితంలో రెండు ముక్కలుంటాయి కదా.
మొగుడు లేడు. సంపాదన లేదు.
మొదటిది నిజం. దింపుకెక్కిన మనిషి
గెలకన్నా ముందు కిందికొచ్చాడు.
రెండోది, నెలకి నూట పది దీనార్లు.
సెలవుకొచ్చినప్పుడు వేలేసి పోవచ్చు,
ఎవడు చూడొచ్చాడంటావు. ఎవడూ చూడడు.
డాబాలున్నోళ్ళు తినట్లేదా అంటావు. తింటున్నారు.
వాళ్ళ పేర్లు నేనూ వరసగా చెప్పగలను.
అలా చెబుతుంటేనే నాకూ నోరూరింది వదినా,
దానికి భయమేసింది.

గొప్పలు పోతున్నాననుకోకు.
ఆయన పోయిన కొత్తలో నెలనెలా తీసుకున్నాను.
అప్పటికి ఎండుచేపల బేరం ఉంది నాకు,
రోజుకి రెండొందలు మిగిలేది.
బుట్ట తలుపు వెనక పెట్టి వేలేశాను.
వాసన రాకుండా ఉంటుందా?
అప్పటి పిల్ల ఏమీ అనలేదు.
ఆ డబ్బుల్లోంచే చర్చిలో కానుక కూడా వేశాను.

ఇంకో మాటుంది, నోట్లోనే తిరుగుతోంది.
పద్నాలుగేళ్ళు ఇక్కడ బాత్రూములు కడిగాను,
ఈ దేశం నాకు మాష్ ఇవ్వదు.
మన దేశంలో నేను పంపిన డబ్బు లెక్కలో ఉంటుందంట,
నేనుండను.
రేపు ఇచ్చేది కొంచెం ముందే తీసుకుంటే తప్పా?
ఈ వాదన బానే ఉంటుంది, రాత్రిపూట మరీ బాగుంటుంది.
తెల్లారి గిన్నెలు తోమేటప్పటికి
పులుసులో నీళ్ళు ఎక్కువైనట్టుంటుంది.

రాయించకు.
సంతలో గాజులమ్మే సుందరమ్మ ఉందే,
దాని మొగుడు చచ్చిపోలేదు, వెళ్ళిపోయాడు.
ఏ కాయితమూ లేక ఆఫీసు చుట్టూ తిరుగుతోంది.
ఆ పిల్లతో దాని సంగతి మాట్లాడు,
నీకు నోరుంది.

నేనొచ్చేశాక, పెట్టె ఖాళీ అయ్యాక రాయిద్దువు గాని.
అప్పుడు సిగ్గుపడను,
గుమ్మంలో నుంచుని గట్టిగా అడుగుతాను.
అప్పటికి వేలు మిగలాలి కదా.
క్లోరాక్సులో నాని నాని నున్నబడిపోయింది,
మొన్న నా ఫోనే నన్ను ఎరగనంది.
నూనె రాసి చూశాను, మామా సీసాలోదే,
అడక్కుండా.

గంట కొడుతోంది, మంచినీళ్ళకేమో.
ఉంటాను.
ఆ దగ్గు సంగతి చూపించుకో.
డబ్బులు నేను పంపుతాను.