కుందేలు

జనవరి. బయట మైనస్ ముప్పై ఒకటి.
ఉలాన్‌బాతర్ కొండవాలు డేరాల పొగంతా
రాత్రికి కిందికి దిగి
మా పిల్లల వార్డు కిటికీకి ముక్కు ఆనించి చూస్తుంది.

సొలొంగో వచ్చేసరికి మంచాలు లేవు.
వరండాలో రేడియేటర్ పక్కన
రెండు కుర్చీలు కలిపి ఇచ్చాను.
గొర్రెతోలు చుట్టలో ఏడు వారాల బిడ్డ.
నుదుటి నుంచి ముక్కు దాకా పొయ్యిమసి గీత.
అత్త పెట్టిందట.
"చీకట్లో తెస్తున్నాం కదా,
దారిలో ఏదైనా చూసినా
ఇది మనిషిబిడ్డ కాదు, కుందేలు అనుకోవాలని."

చొక్కా ఎత్తాను.
పక్కటెముకల సందుల్లో చర్మం లోపలికి పోతోంది,
ఎవరో లోపల కూర్చుని దారం గుంజుతున్నట్టు.
గడియారం చూస్తూ లెక్కపెట్టాను.
నిమిషానికి డెబ్బై ఎనిమిది.
నిజంగానే కుందేలు.

"సూది వెయ్యి అక్కా."
అందరూ మొదట అడిగేది అదే.
ఇరవై ఒక్క చలికాలాలుగా నేను చెప్పేదీ ఒకటే.
దీనికి సూది లేదమ్మా.
మనకైతే నాలుగు తుమ్ములతో పోయే వైరస్సే,
వీడి గాలిగొట్టాలు సేమియా పోగులంత.
కాస్త జిగురు చాలు పూడుకుపోవడానికి.
మేం చేసేదల్లా దారి ఊడవడం.
ముక్కులో ఉప్పునీటి చుక్క, గొట్టంతో జిగురు లాగడం,
రెండు లీటర్ల ఆక్సిజన్.
నీ పాలే, చెంచాడు చెంచాడుగా, సన్నగొట్టంలోంచి.
మిగతాది వాడి పని.

ఆమె నమ్మలేదు.
ఆమె చోట ఉంటే నేను నమ్ముతానా?
చీపురు పట్టినవాళ్లని వైద్యులని ఎవరంటారు?

మూడోరాత్రి
బిడ్డ ఊపిరి ఆగింది.
అరికాలు గిల్లాను.
రెండు, మూడు, నాలుగు
ఐదో అంకె నా నోట్లో ఉండగా
తీసుకున్నాడు.
ఆ ఐదు ఇంకా నా నాలుక మీదే ఉంది.
ఇంటికి తీసుకెళ్లాను, మింగలేకపోయాను.

సొలొంగో అప్పుడు ఏడవలేదు.
తెల్లారాక, ఉప్పేసిన పాలటీ నాకు పోస్తుంటే
ఫ్లాస్కు మూత కింద పడింది, దానికి ఏడ్చింది.
"పొయ్యి ఆర్పితే గడ్డకడతాడు,
వెలిగిస్తే ఊపిరాడదు.
నన్నేం చెయ్యమంటావు?"
దానికీ నా దగ్గర సూది లేదు.

తొమ్మిదోరోజు రొమ్ము పట్టి
చప్పుడు చేస్తూ తాగాడు.
వరండాలో వాళ్లంతా తల తిప్పి విన్నారు.

వెళ్తూ వెళ్తూ, నా ముందే,
అగ్గిపెట్టెలో దాచుకున్న మసిలో వేలు ముంచింది.
వద్దనాల్సింది నేను.
మసి ఊపిరితిత్తులకు ఎంత చేటో
గోడ మీద బొమ్మ గీయించింది నేనే.
తలుపు వైపు చూశాను.
పొగ ఇంకా అక్కడే నిలబడి ఉంది.
ఏమీ అనలేదు.

కుందేలు వెళ్లిపోయింది.
ఫైల్లో చివరి గడి నింపాను.
నలభై రెండు.
మనిషి.